అహోసీ

అబూజాలో ఆ కోర్టుకు మూడు భాషలు.
మూడూ ఓడలెక్కి వచ్చినవే.
నాలుగోదాని కోసం నన్ను పిలిచారు,
రోజుకింతని మాట్లాడుకుని
అద్దాల గదిలో మూలకుర్చీ ఇచ్చి.

అనేహో నుంచి వచ్చింది ఎన్యోనం.
చేపలు పొగబెట్టి అమ్ముకునే మనిషి.
మూడు రోజుల బస్సు, రెండు సరిహద్దులు,
కాగితాలన్నీ ఒక పాలపొడి డబ్బాలో.
గేటు దగ్గర తనిఖీవాడు మూత తీసి, వాసన చూసి
"చేపలా?" అన్నాడట.
"కాదు, నా ఇల్లు" అందట.

మొగుడు మెసాన్ పోయిన తొమ్మిదో నాడు
మరుదులు తలుపుకు తాళం వేశారు.
పొగగూడు లోపల, గంపలు లోపల,
ఆమె బయట.
పెద్దమనుషులు తాతల నాటి మాట అన్నారు.
జిల్లా కోర్టు మళ్లీ రమ్మంది.
వెళ్లింది. మళ్లీ రమ్మంది.
ఆ "మళ్లీ"ల మధ్యనే
చిన్నపిల్లకు పాలపళ్లు ఊడి కొత్తవి మొలిచాయి.

సర్కారు వకీలు లేచాడు. మంచి గొంతు.
ఆచారం అన్నాడు, సంస్కృతి అన్నాడు,
ఓపిక అన్నాడు, మళ్లీ ఓపిక అన్నాడు.
నేను ఒక్కొక్కటే మా భాషలోకి దించుతుంటే
ఎన్యోనం చెయ్యెత్తి ఆపింది:
"ఓపిక ఒకసారి చెబితే చాలమ్మా, అది నాకొచ్చు."

జడ్జి అడిగింది,
ఇల్లు మీదేనని ఎలా చెబుతారు?

"ఇటుకలు వెయ్యిన్నూట నలభై.
నెత్తిన మోశాను, అందుకే తెలుసు.
ముప్పయ్యారు విరిగాయి.
విరిగినవన్నీ వంటింటి వెనక గోడలో పెట్టాం,
ఎవరికీ కనబడవని.
నమ్మకపోతే వెళ్లి లెక్కపెట్టుకోండి."

నా పక్కన ఇంగ్లీషు చెప్పేవాడు
అంకెల దగ్గర తడబడి నీళ్లు తాగాడు.

అప్పుడు ఆమె వకీలు, బక్కపల్చని సెనెగల్ పిల్ల,
మపూటో ఒప్పందం తెరిచింది.
దేశాలు సంతకాలు పెట్టి
బీరువాల్లో భద్రంగా దాచుకున్న కాగితం.
ఇరవై ఒకటో అధికరణం:
భర్త పోయిన స్త్రీకి ఆస్తిలో న్యాయమైన వాటా,
కాపురమున్న ఇంట్లోనే ఉండే హక్కు.

ఇక్కడే నాకు చిక్కొచ్చిపడింది.

మొగుడు పోయినదాన్ని మా అమ్మ భాషలో
అహోసీ అంటారు.
సరిహద్దు దాటి తూర్పుకు పోతే,
అబోమేలో, మా నాన్నమ్మ వాళ్ల వైపు,
అదే మాటకు రాజు భార్య అని అర్థం.
ఒకచోట ముట్టుకోని పళ్లెం,
ఒకచోట కోటగుమ్మం.
ఎన్యోనం ఎక్కిన బస్సులోనే
ఆ మాట కూడా ఎక్కి వచ్చుంటుంది.
దాని మీద ఎవరూ ముద్ర వెయ్యలేదు.

తర్జుమా చేసేవాళ్లు కల్పించకూడదు.
అర సెకను ఆగాను.
"అహోసీకి" అన్నాను, "ఆ ఇంట్లోనే ఉండే హక్కు."
ఏ అహోసీనో చెప్పలేదు.
ఆమె కొంచెం నిటారుగా కూర్చుంది,
లేక నాకలా అనిపించింది.

తీర్పు రావడానికి పద్నాలుగు నెలలు.
వచ్చింది, మూడు భాషల్లో.
ఆ వేళ కొటొనూలో నేను
సిమెంటు కంపెనీ రసీదులు తర్జుమా చేస్తున్నాను.
ఫోన్ మోగింది.

"గెలిచానట కదా. తాళం మాత్రం తలుపుకే ఉంది.
అందుకని దాని పక్కన నాదొకటి కొని వేశాను.
ఇప్పుడు నేను లేకుండా వాళ్లూ లోపలికి పోలేరు."

నవ్వింది. దగ్గింది. పొగ దగ్గు.

"ఆ కాగితం నీ దగ్గరుందా? మన మాటల్లో చదువు.
మెల్లగా. ఉండు..."

ఏదో నొక్కింది.
ఒక్కసారిగా వాకిలంతా నా చెవిలో పడింది.
కోడి, బకెట్టు, ఎక్కడో సముద్రం,
గొంతు సవరించుకుంటున్న మగవాళ్లు.

"స్పీకర్ పెట్టాను. ముగ్గురు మరుదులూ ఇక్కడే ఉన్నారు.
మొదటి నుంచి చదువు.
ఆ రోజు ఒక మాట దగ్గర కొంచెం ఆగావు చూడు,
అక్కడ మళ్లీ ఆగు."